పచ్చికలో ప్రాకు కలుపు: గడ్డ, గింజ, కణుపు

తొలకరి వానలు పడిన పది దినములకు తన పచ్చికను చూచుకొను గృహస్థునకు తరచుగా ఒక నిరాశ కలుగును. వేసవియంతయు నీళ్లు పోసి కాపాడిన గరిక ఇంకను కోలుకొనకమునుపే, దానికంటె రెండంగుళములు ఎత్తుగా, మెరయు ఆకులతో తుంగ లేచి నిలిచియుండును. ఆయన సాయంకాలమున కూర్చుండి చేతికందినంతమట్టుకు దానిని పెరికివేయును. నేల శుభ్రమైనట్లు కనబడును. వారము తిరుగకమునుపే పెరికిన చోటనే మొలకలు మరల కనబడును; కొన్నిచోట్ల ఒకటి యున్న స్థలమున రెండు లేచియుండును. ఈలాగు రెండు మూడు మారులు జరిగిన తరువాత ఆయన విసుగుచెంది, కూలివానిని పిలిచి నేలను త్రవ్వించును. లేదా అంగడికి వెళ్లి, బలమైన మందు ఏదైన ఇమ్మని అడుగును. ఈ రెండు పనులును కలుపును తగ్గించుటకు మారుగా పెంచుట కలదు. రెండవది మనుష్యుల ప్రాణమునకే అపాయము తెచ్చుటయు కలదు.

ప్రతి కలుపు మొక్కకు అది తన ప్రాణమును దాచుకొను చోటు ఒకటి కలదు. కొన్నింటికి అది భూమిలోని గడ్డ, కొన్నింటికి గింజ, కొన్నింటికి నేలమీద ప్రాకు కాడలోని కణుపు. ఆ చోటు తెలిసినవానికి సగము పని తీరినట్లే. తెలియనివాని శ్రమయంతయు ఆకులమీదనే వ్యయమగును. కాబట్టి ఇంటిముందర గాని, బడి ఆవరణములో గాని, మందిరావరణములో గాని పచ్చికను పెంచువారు మొదట ఈ మూడింటిని వేరుపరచి గుర్తించుట నేర్చుకొనవలెను.

1. కలుపు అనగానేమి?

1977వ సంవత్సరమున లీరాయ్ హోల్మ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడును ఆయన సహకారులును ప్రపంచములోని మిక్కిలి హానికరమైన కలుపు మొక్కలను గూర్చి ఒక పెద్ద గ్రంథమును ప్రచురించిరి. అందు మొదటి స్థానము తుంగకు దొరకెను. రెండవ స్థానము దేనికి దొరకెనో తెలిసికొన్న పచ్చిక యజమాని ఆశ్చర్యపడును. అది గరిక. నల్లరేగడి పొలములో రైతు గునపముతో పెల్లగించి, గట్టున ఎండబెట్టి, తగులబెట్టు గరికయే పట్టణవాసి వెల యిచ్చి కొని, వరుసలుగా నాటించి, నీరు పోయు గరిక. ఒకరి పొలములో శత్రువైన మొక్క మరియొకరి ముంగిట మిత్రమైయున్నది.

దీనినిబట్టి రెండు సంగతులు తెలియుచున్నవి. కలుపు అనునది మొక్క పుట్టుకతో వచ్చిన పేరు కాదు. అక్కరలేని చోట పెరుగుటనుబట్టి మనుష్యుడు దానికి పెట్టిన పేరు. రెండవది, గరికకు కూడ ప్రాకు బలము కలదు. అది నేలపైన తీగలను, నేలలోపల కాడలను సాగించి, ఖాళీ స్థలమును కప్పివేయగలదు. కలుపు తీయువాడు ఒంటరిగా పోరాడనక్కరలేదు. గరికకు కావలసిన ఎండ, నీరు, బలము ఇచ్చినయెడల అతని పనిలో పెద్ద పాలు అదియే చేయును.

2. గడ్డలో దాగిన ప్రాణము: తుంగ

తుంగ చూపునకు గడ్డివలె నుండును గాని గడ్డిజాతికి చెందినది కాదు. పూత వేయు కాడను వ్రేళ్లమధ్య త్రిప్పి చూచినయెడల మూడు అంచులు స్పష్టముగా తగులును. గడ్డిజాతుల కాడ గుండ్రముగానో చదునుగానో యుండి, కణుపులు కలిగియుండును. ఈ పరీక్ష చిన్న పిల్లలు సహితము చేయగలరు.

దీని బలము నేల క్రిందనున్నది. మొలక అడుగున చిన్న ఉబ్బు ఏర్పడును. దానినుండి సన్నని కాడలు భూమిలో ప్రక్కలకు సాగి, నల్లని పొట్టుగల గడ్డలను పెట్టును. సువాసనగల ఈ గడ్డలనే ఆయుర్వేద వైద్యులు తుంగముస్తలని పిలిచి మందులలో వాడుదురు. ఒక గడ్డనుండి మరియొక కాడ, ఆ కాడ చివర మరియొక గడ్డ, ఈలాగు అవి దారమునకు గ్రుచ్చిన పూసలవలె గొలుసుగా ఏర్పడును. వాటిలో ఎక్కువ భాగము పైనున్న అరడుగు మట్టిలోనే యుండును. కొన్ని అంతకంటె లోతునకు దిగును.

గొలుసు తెగక యున్నంతకాలము కొనయందలి గడ్డ మొలచుచు, తక్కిన గడ్డలలో అనేకములను నిద్రలో ఉంచును. వర్షకాలమున తడి నేలను పారతో త్రవ్వినప్పుడు ఆ గొలుసు ముక్కలగును. అంతవరకు నిద్రించిన గడ్డలు ఒక్కొక్కటిగా మేలుకొని మొలచును. శుభ్రపరచుటకు త్రవ్వినవాడు విత్తనము నాటినవాడగును. ఆకును మాత్రమే త్రెంపినను ఫలితము అంతంతమాత్రమే; ఒక్కొక్క గడ్డకు అనేక మొగ్గలుండుటవలన ఒక మొలక పోయిన మరియొకటి లేచును.

అయినను తుంగకు ఒక బలహీనత కలదు. ప్రతి మొలకను లేపుటకు గడ్డ తనలో దాచిన ఆహారమును ఖర్చుపెట్టవలెను. మొలక ఎండలో కొంతకాలము నిలిచిన పిమ్మటనే ఆ ఖర్చు తిరిగి వచ్చును. మూడు నాలుగు వారములు కడచినతోడనే క్రొత్త గడ్డలు ఏర్పడ నారంభింపవచ్చును. కాబట్టి మొలక కనబడిన పదునైదు దినములలోపల దానిని తీసివేయుచు వచ్చినయెడల, గడ్డ ప్రతిమారు వ్యయము చేయునే గాని ఆదాయము పొందదు. చిన్న గడ్డలు ముందుగాను, పెద్దవి ఆలస్యముగాను క్షీణించును. ఒకమారు పూర్తిగా తీసి రెండు నెలలు విడిచిపెట్టుటకంటె, పదునైదు దినములకొకమారు కొంచెము కొంచెముగా తీయుటయే మేలు. తుంగ విషయములో బలముకంటె గడువు తప్పకుండుట ముఖ్యము.

తీయు విధము ఇది: నేల తడిగా నున్నప్పుడు బొరిగెను మొలక ప్రక్కన రెండు మూడంగుళములు దించి, మట్టిని కొంచెము లేపి, మొలకను అడుగుననున్న ఉబ్బుతో సహా నెమ్మదిగా లాగవలెను. గడ్డ వెంట వచ్చినయెడల మంచిదే. రాకపోయినయెడల దానికొరకు పెద్ద గుంట త్రవ్వి గరికను పాడుచేయనక్కరలేదు. మరల మొలచినప్పుడు మరల తీయవచ్చును.

3. గింజలో దాగిన ప్రాణము: పులిచింత

పులిచింత అందరెరిగిన మొక్క. హృదయాకారముగల మూడేసి చిన్న ఆకులు, అయిదు రేకుల పసుపుపచ్చని పువ్వు, నమిలిన పుల్లని రుచి దీని గుర్తులు. ఇది నేలను అంటిపెట్టుకొని ప్రాకుచు, కణుపులయొద్ద వేళ్లు దించును. గడ్డికోత యంత్రము దీని తలమీదుగా పోవునే గాని దీనిని ముట్టజాలదు.

దీని కాయ నిటారుగా నిలిచి, చూచుటకు చిన్న బెండకాయవలె నుండును. పండిన తరువాత కొంచెము తాకినంతమాత్రమున పగిలి, గింజలను కొన్ని అడుగుల దూరము చిమ్మివేయును. కాయలు పండిన దినమున కలుపు తీయువాడు తన చేతితోనే గింజలు చల్లినవాడగును. కాబట్టి దీనిని పువ్వు కనబడినతోడనే, కాయ పండకమునుపే తీయవలెను. తల్లివేరును మొదట కనుగొని, అక్కడనుండి కాడలను నాలుగు దిక్కులకు ఏరుచు పోవలెను. మధ్యలో త్రెంపినయెడల వేళ్లు దిగిన ముక్కలు మిగిలిపోవును.

పులిచింత గింజ మొలచుటకు వెలుగు తోడ్పడును. నేల పైభాగమున వెలుగు సోకిన గింజలు బాగుగా మొలచును. దట్టమైన గరిక నీడలోనున్నవి అంతగా మొలవవు. కాబట్టి పచ్చికలో అరచేతియంత ఖాళీ కనబడినను దానిని అట్లే విడువరాదు. కలుపు తీసిన చోట వెంటనే కొంచెము మెత్తని మట్టి పోసి, నాలుగు గరిక పిలకలు నాటి, నీరు చిలుకరింపవలెను. ఖాళీగా విడిచిన చోటు మరల కలుపునకే దక్కును.

4. కణుపులో దాగిన ప్రాణము: వెడేలియా

మూడవ కలుపు తనంతట తాను రాలేదు. దానిని మనుష్యులే కోరి తెచ్చుకొనిరి. నర్సరీలలో వెడేలియా అను పేరుతో అమ్ము ఈ మొక్కకు నిగనిగలాడు పచ్చని ఆకులు, చిన్న చామంతివంటి పసుపుపచ్చని పువ్వులు ఉండును. దీని జన్మస్థలము మధ్య అమెరికా, కరీబియను దీవులు, దక్షిణ అమెరికాలోని ఉష్ణప్రదేశములు. ఎండను నీడను సహించి, త్వరగా నేలను కప్పుననియు, కాపుదల అక్కరలేదనియు దీనిని ప్రహరీగోడల వెంబడి, రహదారుల నడుమ నాటిరి. నేలను కప్పు ఆ గుణమే దాని ప్రమాదము. 2000వ సంవత్సరమున అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సమితి నిపుణులు ప్రకటించిన, మిక్కిలి హానికరములైన నూరు వలస జీవజాతుల పట్టికలో ఇదియు చేర్చబడినది.

వెడేలియా గింజలవలన అంతగా వ్యాపింపదు. నేలను తాకిన ప్రతి కణుపు వేళ్లు దించి, వేరొక మొక్క కాగలదు. పూలమడిలో నాటినది కొంతకాలమునకు అంచు దాటి పచ్చికలోనికి చేయి చాచును. దానిమీద కోతయంత్రమును నడిపినయెడల కాడ ముక్కలై నలుదిక్కుల పడును. కణుపుగల ముక్కలు తడి నేలమీద మరల నాటుకొనును.

దీనిని తీయుటకు మొదట అంచును తెగగొట్టవలెను. పూలమడికిని పచ్చికకును నడుమ పారతో గాడి తీసి, ఇటుకలు నిలువుగా పాతి, కొంతభాగము నేలపైన కనబడునట్లు ఉంచవలెను. తరువాత పచ్చికలోనికి వచ్చిన కాడలను చాప చుట్టినట్లు ఒక ప్రక్కనుండి ఎత్తుచు, ప్రతి కణుపు వేరును విడిపించుచు పోవలెను. తీసిన చెత్తను కాలువ గట్టునగాని, ఎరువు గుంటలోగాని, పొరుగువాని ఖాళీ స్థలములోగాని వేయరాదు. బండమీదనో, సిమెంటు నేలమీదనో పరచి, చేతిలో నలిపిన పొడియగువరకు ఎండబెట్టవలెను. ఒకని ముంగిలి శుభ్రమగుటకు మరియొకని ముంగిలి పాడగుట న్యాయము కాదు.

5. కలుపు ప్రవేశించు ద్వారములు

వచ్చిన కలుపును తీయుటయే గాక, రాకుండ చూచుకొనుటయు పనిలో భాగమే. సాధారణముగా అది ఈ దారుల వెంబడి వచ్చును.

మొదటిది, తెచ్చిపోసిన మట్టి. పచ్చిక వేయుటకు చెరువు మన్నునో, తోట మన్నునో బండిమీద తెప్పించుట అలవాటు. దానితోకూడ తుంగగడ్డలు వచ్చును. మన్ను కొనకమునుపు దానిని తీసిన స్థలమున తుంగ యున్నదేమో చూడవలెను. అనుమానమున్నయెడల ఆ మన్నును ఒక మూల పోసి, తడిపి, పదునైదు దినములు కనిపెట్టవలెను. గడ్డలున్నయెడల కొన్నియైనను మొలచి బయటపడును.

రెండవది, సగము మురిగిన పెంటయెరువు. అందులో అనేక గింజలు చావక యుండును. బాగుగా మురిగి, వేడి తగ్గి, మట్టివాసన వచ్చు ఎరువునే జల్లెడ పట్టి వాడవలెను.

మూడవది, నర్సరీనుండి వచ్చు కుండీలు. మొక్కను నాటుటకు ముందు కుండీ పైమట్టిని చూచి, పులిచింత కనబడినయెడల ఏరివేయవలెను.

నాలుగవది, మిక్కిలి పొట్టిగా కోయుట. శుభ్రముగా కనబడవలెనని గరికను నేలమట్టముగా గొరిగినయెడల దాని వేళ్లు బలహీనమై, నేలకు వెలుగు సోకి, కలుపు గింజలు మేలుకొనును. ఇంటి పచ్చికను అంగుళమునుండి అంగుళమున్నర ఎత్తున ఉంచి, ఒక్కమారు మూడవ వంతుకంటె ఎక్కువ కోయకుండుట మంచిది.

అయిదవది, నీడ. గరికకు దినమునకు ఆరు గంటల ఎండయైనను కావలెను. మామిడిచెట్టు క్రింద గరిక పలుచబడుట దాని దోషము కాదు. అక్కడ ప్రతి సంవత్సరము గరికను నాటి నష్టపోవుటకంటె, నీడకు ఓర్చు మొక్కలు పెట్టుటయో, గులకరాయి పరచుటయో మేలు.

ఆరవది, నిత్యము తడిగానుండు నేల. దినదినము కొంచెముగా చిలుకరించిన నీరు పైపొరను మాత్రమే తడిపి, కలుపు మొలకలకు సహాయపడును. వ్యవధి ఇచ్చి, వేళ్ల లోతువరకు దిగునట్లు పోసిన నీరు గరికకు సహాయపడును.

6. పనిని పంచుకొను క్రమము

పచ్చికయంతయు ఒక్క దినమున బాగుచేయవలెనని కూర్చుండువాడు సగములోనే లేచిపోవును. కూలికి వచ్చిన స్త్రీకి సాయంత్రములోగా ఆవరణమంతయు తీయుమని ఆజ్ఞాపించినయెడల ఆమెయు ఆకులను త్రెంపుటకంటె ఎక్కువ చేయజాలదు. ఆ దోషము ఆమెది కాదు, పని చెప్పినవానిది. వరి మడులలోను మిరప తోటలలోను ఏండ్ల తరబడి కలుపు తీసిన స్త్రీలకు ఏ మొక్క వేరు ఎటు పోవునో చేతికే తెలియును. అట్టివారిని తొందరపెట్టక, చల్లని వేళ కొద్ది గంటల పని క్రమముగా ఇచ్చుట యజమానికిని పనిచేయువారికిని లాభకరము.

ఒక సెంటు పచ్చికను దృష్టాంతముగా తీసికొనవచ్చును. సెంటు అనగా 48.4 చదరపు గజములు. దారముతో దానిని ఆరు భాగములు చేసినయెడల ఒక్కొక్క భాగము ఇంచుమించు 8 చదరపు గజములగును. సోమవారము మొదటి భాగము, మంగళవారము రెండవది, ఈలాగు శనివారమునకు ఆరవది ముగించి, ఆదివారము విశ్రమింపవచ్చును. దినమునకు అరగంట చొప్పున పనిచేసినను, ప్రతి భాగము వారమునకు ఒకమారు చేతిక్రిందికి వచ్చును. ఏ తుంగ మొలకకును పదునైదు దినముల గడువు దొరకదు. ఏ పులిచింత కాయకును పండు సమయము దొరకదు.

ఒక చిన్న పుస్తకములో భాగమునకు ఎన్ని తుంగ మొలకలు తీసిరో వ్రాసియుంచుట మంచిది. మొదటి నెలలో లెక్క తగ్గకపోవచ్చును. వానలు పడిన వారములలో పెరుగుటయు కలదు. ఆరు నెలల లెక్కలను ప్రక్కప్రక్కన చూచినప్పుడు మాత్రమే పని ఫలించుచున్నదో లేదో తెలియును. కంటికి కనబడని అభివృద్ధిని కాగితము చూపించును.

7. కలుపుమందులను గూర్చి

మందు అను మాట వినగానే అన్నియు ఒక్కటేయని తలంచుట అపాయకరము. 2,4-డి వెడల్పాటి ఆకులుగల మొక్కలను చంపును, గడ్డిజాతులను సాధారణముగా చంపదు. అయితే గాలికి కొట్టుకొనిపోయిన తుంపరలు టమాటా, ప్రత్తి, గులాబి మొదలగువాటిని పాడుచేయును. హాలోసల్ఫ్యూరాన్ మిథైల్ తుంగజాతిమీద పనిచేయును, గరికను అంతగా బాధింపదు. గ్లైఫోసేట్ తుంగతోకూడ గరికను సహితము చంపును. దీనిని శిక్షణ పొందిన కీటక నియంత్రణ నిర్వాహకుల ద్వారా మాత్రమే వాడవలెనని కేంద్ర ప్రభుత్వము 2022లో ఉత్తరువు ఇచ్చెను. ఏ మందైనను సీసామీది పత్రమున వ్రాసిన పనికి, వ్రాసిన మోతాదులో తప్ప వాడరాదు. తెలియనియెడల మండల వ్యవసాయాధికారినిగాని, కృషి విజ్ఞాన కేంద్రమునుగాని అడిగి తెలిసికొనవలెను.

పారాక్వాట్‌ను గూర్చి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. దానిని చల్లినయెడల త్వరలోనే ఆకులు మాడిపోవును. ఆ వేగమును చూచి జనులు దానిని నమ్ముదురు. కాని అది ఆకును మాడ్చునే గాని గడ్డను చేరదు. తుంగ మరల లేచును. అంతకంటె ఘోరమైనదేమనగా, అది కొద్దిగా లోపలికి పోయినను మనుష్యుని ప్రాణము తీయగలదు. దానికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. మిగిలిన మందును చల్లని పానీయపు సీసాలో పోసి వంటయింటి మూల పెట్టుట, పిల్లలాడు చోట చల్లి కాపలా లేక విడుచుట, చేతితొడుగులు లేకుండ కూలివారిచేత చల్లించుట, ఇవి ఎన్నడును చేయరాని పనులు. ముంగిట నాలుగు తుంగ మొలకలు నిలిచినందువలన ఇంటికి నష్టమేమియు లేదు. పిల్లలు చెప్పులు లేకుండ పరుగెత్తుటకే పచ్చికను పెంచుదురు. ఆ నేలమీద వారికి భయము కలుగజేయు ఉపాయము ఉపాయము కాదు.

ఉప్పు చల్లుట కూడ కొందరు చెప్పు ఉపాయము. అది కలుపును, గరికను కలిపి చంపి, మట్టినే చెరచును. దానికంటె కలుపే మేలు.

8. పచ్చిక పూర్తిగా చెడినప్పుడు

సగముకంటె ఎక్కువ స్థలమును తుంగ ఆక్రమించినయెడల, క్రొత్తగా వేసికొనుటయే తక్కువ శ్రమ. దీనికి వేసవియే తగిన కాలము. ఏప్రిల్ నెలలో నేలను ఆరనిచ్చి, అడుగు లోతున త్రవ్వి, పెళ్లలను తిరుగవేయవలెను. దొరికిన గడ్డలను ఏరి, తక్కినవాటిని ఎండకు విడువవలెను. తడి నేలలో త్రవ్విన గడ్డ మొలచును. పొడి నేలలో పైకి వచ్చి, మండుటెండలో కొన్ని వారములు పడియున్న గడ్డ ఎండి చచ్చును. పని ఒకటే అయినను కాలమునుబట్టి ఫలము వేరగుచున్నది.

తరువాత నేలను చదునుచేసి, నీరు పెట్టి, మొలచినదానిని తీయవలెను. వ్యవధి ఇచ్చి మరియొకమారు ఆలాగే చేయవలెను. 1976లో ఇశ్రాయేలు దేశపు శాస్త్రజ్ఞుడు కాటన్, ఆయన సహచరులు వెల్లడిచేసిన పద్ధతియు ఒకటి కలదు: తడిపిన నేలమీద పారదర్శకమైన పాలిథీన్ పట్టాను వేసవిలో నాలుగు నుండి ఆరు వారములు గాలి చొరకుండ కప్పి ఉంచుట. నేలలోని తెగుళ్లను అణచుటకు వారు దీనిని ఉపయోగించిరి. అనేక కలుపు గింజలు కూడ ఆ వేడికి చచ్చును. తుంగగడ్డలు మాత్రము అన్నియు చావవు. వాటి సూదివంటి మొలకలు పట్టానే పొడిచి పైకి రాగలవు. కాబట్టి ఇది ఏరుటకు సహాయమే గాని దానికి బదులు కాదు.

జూన్ నెలలో వానలు నిలకడగా పడునప్పుడు, కలుపు లేని చోటనుండి తెచ్చిన గరిక పిలకలను మూడు నాలుగు అంగుళముల ఎడముగా నాటవలెను. అవి కలిసికొనువరకు గడచు రెండు మూడు నెలలే మిక్కిలి జాగ్రత్త వహింపవలసిన కాలము.

9. ముగింపు

తుంగను సమూలముగా నిర్మూలించితిమని చెప్పగలవారు కొద్దిమందియే. నేల లోతున ఒక గడ్డ మిగిలియుండవచ్చును. పొరుగు స్థలమునుండి మరియొకటి రావచ్చును. అయినను మొదట గంపలకొలది తీసిన చోట, రెండవ సంవత్సరమున గుప్పెడు మాత్రమే తీయునట్లు చేయుట ఏ ఇంటివారికైనను సాధ్యమే. అప్పుడు కలుపు తీయుట భారముగా తోచదు. ఉదయమున పచ్చికమీద నడచుచు, వంగి రెండు మొలకలు తీసి, లేచి పోవుటయే దినచర్య యగును. అంతవరకు కావలసినవి ఒక బొరిగె, ఒక గంప, తప్పని అరగంట.

పునశ్చరణకు ప్రశ్నలు

1. తుంగకును గడ్డిజాతికిని భేదమును చేతితో ఎట్లు గుర్తింపవచ్చును?
2. వర్షకాలపు త్రవ్వకము తుంగను ఎందుకు పెంచును? వేసవి త్రవ్వకము ఎందుకు తగ్గించును?
3. పులిచింతను ఏ దశలో తీయవలెను? తీసిన చోట వెంటనే ఏమి చేయవలెను?
4. వెడేలియా చెత్తను ఎక్కడ వేయరాదు? దానిని ఎట్లు నాశనము చేయవలెను?
5. మీ ఆవరణములోనికి కలుపు ఏ ద్వారము వెంబడి వచ్చుచున్నది? ఈ వారము దానిని మూయుటకు ఏమి చేయవచ్చును?